ఫోదర్‌గిల్లా పొద మన హైదరాబాద్ మిద్దె మీద బతుకుతుందా?

అల్వాల్_మిద్దెతోట:

అందరికీ నమస్తే అండి. పోయినేడు అక్టోబర్ మొదట్లో అమ్మాయి కాన్పుకని వర్జీనియా వెళ్లాను, ఆరు నెలలే కదా ఉండనిచ్చేది, మార్చి ఆఖరు వరకు ఉన్నాను. వాళ్లింటి మెట్ల పక్కన నడుం ఎత్తు పొద ఒకటి ఉంది, వెళ్లిన కొత్తలో మామూలు ఆకుపచ్చ పొదే, నేను పెద్దగా పట్టించుకోలేదు, ఇంట్లో పసిబిడ్డ ఉంటే పొదలెవరు చూస్తారు. నెలాఖరుకొచ్చేసరికి ఒకరోజు పొద్దున చెత్తబుట్ట బయట పెడదామని తలుపు తీస్తే ఆ పొద మొత్తం అంటుకున్నట్టుంది. ఒకే కొమ్మకి ఒకాకు నిమ్మపండు పసుపు, పక్కది నారింజ, దాని కిందది పండుమిరపకాయ, ఒకాకైతే ఈనెకి ఇటు సగం ఎరుపు అటు సగం పసుపు. రెండాకులు కోసి మనవడి బారసాల ఆల్బంలో పెట్టుకొచ్చాను, ఇప్పుడు చూస్తే బిస్కెట్ రంగుకి తిరిగాయి అనుకోండి.

తర్వాత అంతా రాలిపోయి పుల్లలు మిగిలాయి. మళ్లీ నేను బయల్దేరే వారం, ఆకు ఇంకా సరిగా రాకముందే, ఆ పుల్లల చివర్న తెల్లటి పూలు, సీసాలు కడిగే బ్రష్ ఉంటుందే అచ్చం అలా, దగ్గరికెళ్తే తేనె వాసన. అల్లుడు ఫోన్లో ఫొటో పెట్టి వెతికితే ఫోదర్‌గిల్లా అని వచ్చింది.

మాది మూడంతస్తుల పైన మిద్దె, మధ్యాహ్నం 12 నుంచి పొద్దుగూకేదాకా ఎండ దంచేస్తుంది, నీళ్లు ఎక్కువగా బోరువే, నల్లా నీళ్లు వంటకి తాగడానికి సరిపోతాయి. మల్లె, మందారం, గన్నేరు, కరివేపాకు, రెండు డ్రమ్ముల్లో నిమ్మ, అంజీర ఉన్నాయి. కొంపల్లి వైపు నాలుగు నర్సరీలు తిరిగాను, పేరు చెప్తే ఎవరికీ తెలీలేదు, ఒకచోట కుర్రాడు మాత్రం "అదే కదమ్మా బాటిల్ బ్రష్, ఉంది" అని ఎర్రపూల బాటిల్ బ్రష్ చూపించి 450 అన్నాడు, ఆకు రంగు మారుతుందా బాబూ అంటే "నీళ్లు పొయ్యకపోతే మారుద్ది" అన్నాడు.

ఆన్‌లైన్లో గింజలు కనిపిస్తున్నాయి గానీ ఆ ఫొటోలో ఒకే చెట్టుకి నీలం ఆకులు కూడా ఉన్నాయి, భయమేసి ఆగాను. అమ్మాయి ఈ దసరాకి వస్తోంది, గింజలో కొమ్మో తెమ్మందామా? ఇక్కడ ఎవరైనా పెంచారా? అది కుదరకపోతే పూలూ పూసి ఆకూ రంగు మారే పొద, మన ఎండకి తట్టుకునేది ఏదైనా ఉంటే చెప్పండి ప్లీజ్. క్రోటన్లు మాత్రం చెప్పకండి, అవి ఏడాదంతా అదే రంగు, నాకు మారేది కావాలి.

బోడుప్పల్_మట్టిమనిషి:

అమ్మా సీదా చెప్తున్న ఏమనుకోకుండ్రి, ఇక్కడ కాదు.

అందరు ఎండకు చస్తది అనుకుంటరు, ఎండ సంగతి తర్వాత, ముందు దానికి మన చలి సాల్తలేదు. ఆ పొద సొంతూరు అమెరికాల ఆగ్నేయం దిక్కు, కరోలినా, జార్జియా, అలబామా గటు. ఆకు రాల్చినంక మొగ్గలు గట్టిగ నిద్రపోతయి, ఆ నిద్ర ఇడువాల్నంటె వారాలకు వారాలు చల్లదనం తగులాలె, ఫ్రిజ్జుల ఉండే అంత చలి అనుకోండ్రి. మనకాడ డిసెంబర్ల రాత్రి 14, 15 ఉంటది, ఏదో నాలుగు రోజులు 10కి దిగితె టీవీల చలిపులి అని మొత్తుకుంటరు, పగటీలి మళ్ల 28. గంతల ఆ మొగ్గకు లెక్క కుదురది. రెండేండ్లు బిక్కుబిక్కుమంట నాలుగాకులేస్తది, పూత రాదు రంగు రాదు, ఒక మే నెల చూసి పోతది.

ఇంక మట్టి. దానికి పులుపు మట్టి కావాలె, పీహెచ్ (పులుపు కొలత, 7 కన్న తక్కువుంటె పులుపు) 5 నుంచి 6 నడుమ. మన బోరు నీళ్లు 7.5 దాటి ఉంటయి, సున్నం మస్తుగ ఉంటది, ఎంత మంచి మట్టి కలిపి పెట్టినా ఏడాది పోసేసరికి కుండీల మట్టిని గూడ తనలెక్కనే చేస్కుంటది. మీ మందారం చూడుండ్రి, కొత్త ఆకులు పసుపుగ అయి ఈనెలు మాత్రం పచ్చగ కనవడ్తున్నయా? కనవడ్తె గదే. మట్టిల ఇనుము ఉన్నా గుంజుకోలేకపోతది. మందారమే గట్లుంటె ఫోదర్‌గిల్లా సంగతి ఏం చెప్పాలె.

గింజలు అసలే ఒద్దు. ఆ గింజకు రెండు తాళాలు ఉంటయి, ముందు కొన్ని నెలలు తడిల వెచ్చగ పెట్టాలె, తర్వాత ఇంకొన్ని నెలలు తడిల చల్లగ పెట్టాలె, మొలకొచ్చెటాల్లకు రెండేండ్లు పట్టొచ్చు. మీ బిడ్డను సూట్‌కేసుల తెమ్మనుడు గూడ మానుకోండ్రి. 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం బయట దేశం నుంచి మొక్క గానీ గింజ గానీ తేవాల్నంటె ఇంపోర్ట్ పర్మిట్ ఉండాలె, తెగులు, పురుగు లేదని అక్కడి సర్కారు ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలె. ఒక కొమ్మ కోసం సంటిపిల్లతోని ఎయిర్‌పోర్టుల నిలవడుడు అవసరమా.

కూకట్‌పల్లి_బాల్కనీ:

అన్నా ఫ్రిజ్జులో ఉండే చలి అన్నావ్ కదా, మరి నిజంగానే ఫ్రిజ్‌లో పెడితే? జోక్ కాదు, నేను తులిప్ గడ్డలు అలాగే పూయించాను. 12 వారాలు కూరగాయల డబ్బాలో పెట్టాలి అన్నారు, మొదటి ఏడాది పక్కన యాపిల్స్ ఉన్నాయి, పండ్ల నుంచి వచ్చే గ్యాస్ వల్ల లోపల మొగ్గ మాడిపోతుందట, ఆకులొచ్చాయి పువ్వు రాలేదు. రెండో ఏడు పండ్లన్నీ బయటికి తోలేసి పెడితే 12 గడ్డల్లో 7 పూశాయి జనవరిలో, ఆరు రోజులు ఉన్నాయి బాల్కనీలో. ఎనిమిది కూడా అయ్యేవేమో, మా అమ్మ ఒకదాన్ని ఉల్లిపాయ అనుకుని తొక్క తీసేసింది.

చిన్న కుండీలో ఫోదర్‌గిల్లా పెట్టి ఆకులు రాలాక రెండు నెలలు ఫ్రిజ్‌లో పెడితే అవ్వదా ఆంటీ? పొట్టి రకం కూడా ఉందంట కదా రెండు మూడడుగులది.

సైనిక్‌పురి_బోటనీ:

బాబూ, నీ పట్టుదలకి మెచ్చుకోవాలి కానీ గడ్డ లెక్క వేరు, పొద లెక్క వేరు. తులిప్ గడ్డ నీ చేతికి వచ్చేసరికి దాంట్లో తిండి, పువ్వు పిందె రెండూ సర్ది ఉంటాయి, చలి చూపిస్తే చాలు, పూశాక నువ్వు దాన్ని పారేశావు కదా? పొదని ప్రతి ఏడూ అలా ఫ్రిజ్‌లోకి ఎక్కించాలి, అది ఏటా పెరుగుతుంది, ఫ్రిజ్ పెరగదు. అదంతా చేసినా మే నెలలో మిద్దె మీద కుండీ పక్క పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, ఆ లోపల వేర్లు ఏమవుతాయో ఆలోచించు.

అల్వాల్ అమ్మగారూ, మీకు నచ్చిన ఆ పొద పేరు వెనక చిన్న కథ ఉంది, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నోరు, చెప్పకుండా ఉండలేను. 18వ శతాబ్దంలో లండన్‌లో జాన్ ఫోదర్‌గిల్ అని ఒక డాక్టరు ఉండేవాడు, మొక్కల పిచ్చి, పెద్ద తోట వేశాడు, ఆయన పేరే దీనికి పెట్టారు. పొట్టి రకానికి గార్డెని అని ఉంటుంది, అది అలెగ్జాండర్ గార్డెన్ అనే ఇంకో డాక్టరు పేరు. ఆ గార్డెన్ పేరుతోనే ఉన్న మరో మొక్క గార్డీనియా, అంటే మన గంధరాజం. గంధరాజం మన బోరు నీళ్లకి ఎంత ఏడిపిస్తుందో పెంచినవాళ్లకి తెలుసు. అదీ పులుపు మట్టి కోరేదే.

ఇక రంగు సంగతి. పసుపు రంగు ఆకులో ముందునుంచే ఉంటుంది, పచ్చదనం విరిగిపోయినప్పుడు బయటపడుతుంది, అందుకే పసుపు మన దగ్గర కూడా కనిపిస్తుంది. ఎరుపు చాలావరకు అప్పటికప్పుడు తయారయ్యేది. ఆకు రాలబోయే ముందు అందులో మిగిలిన చక్కెరలతో ఆ రంగు కట్టుకుంటుంది, పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి, ఈ రెండూ వరసగా కొన్నాళ్లు దొరికితే మీరు చూసినట్టు మంటలా ఉంటుంది. మనకి ఆకు రాలేది జనవరి నుంచి మార్చి మధ్యలో, అదీ ఎక్కువగా నీటి ఎద్దడికి, కాబట్టి చాలా చెట్లు రంగుకి పోకుండా ఎండి గోధుమరంగులో రాలిపోతాయి. మినహాయింపు మీ వీధిలోనే ఉండొచ్చు, నాటు బాదం చెట్టు. చలికాలం ఆఖర్లో పొద్దున పూట ఎండకి ఎదురుగా నిలబడి దాని ఆకులు చూడండి, వైన్ రంగు. మా గేటు ముందు ఊడ్చే ఆమె తిట్టుకుంటూ ఊడుస్తుంది, నేను మంచి ఆకులు ఏరుకుంటూ ఆమెకి అడ్డం పడుతుంటాను. కానీ అది చెట్టు, మిద్దె మీదకి పనికిరాదు.

పొద కావాలి, పువ్వు కావాలి, ఆకు రాలాలి, రంగు మారాలి అన్నారు కాబట్టి నా ఓటు చినగోరంటకి. నర్సరీలో ఆ పేరు చెప్తే మొహం చూస్తారు, క్రేప్ మర్టల్ అనండి, లేదా లాగర్‌స్ట్రోమియా ఇండికా, హిందీ వాళ్లు సావనీ అంటారు. గోరింటాకు, దానిమ్మ, ఇది, మూడూ ఒకే కుటుంబం, తెలుగు పేరు పెట్టినవాళ్లు ఊరికే పెట్టలేదు. పేరులో ఇండికా ఉంది కానీ అసలు ఊరు చైనా వైపు. ఒక్కో పువ్వుకి ఆరు రేకులు, అంచులు నలిపిన కాగితంలా ముడతలు, ప్రతి రేకూ సన్నటి కాడ మీద విడిగా నిలబడి ఉంటుంది, అలాంటివి ఒక గుత్తికి పదులకొద్దీ. ముదిరాక కాండం మీద బెరడు జామచెట్టులా పొరలుగా ఊడి నున్నగా అవుతుంది. మీ అమ్మాయి ఉండే రాష్ట్రంలో కూడా వీధుల వెంట ఇది విరివిగా వేస్తారు, మీరు ఎండాకాలంలో ఉండి ఉంటే ఫోదర్‌గిల్లా బదులు దీని గురించే అడిగేవారేమో.

వర్జీనియా రంగు మాత్రం ఆశించకండి. అక్కడ పదికి పది అయితే ఇక్కడ నాలుగు వస్తుంది, చలి బాగున్న ఏడు ఐదు. తెల్లపూల రకం ఆకు పసుపుకి పోతుంది, గులాబీ, ఎరుపు పూల రకాలు నారింజకి, ఎరుపుకి పోతాయి, కాబట్టి పువ్వు చూసి కొనండి.

తార్నాక_టీకప్పు:

పాయిన్‌సెట్టియా ఎవరూ చెప్పలేదేంటి?? క్రిస్మస్ టైంకి పైనంతా ఎర్రగా అయిపోతుంది, మా ఇంట్లో నేలలో పెట్టింది ఆరడుగులుంది. మీకు కావల్సింది రంగు మారడమే కదా. ఒక్కటే కండిషన్, రాత్రి చీకటి పక్కాగా ఉండాలి, రోజుకి 12 గంటల పైన. మాది రెండేళ్లు ఎర్రబడకపోతే ఎరువు తక్కువేమో అని పోసి పోసి చచ్చాం, చూస్తే గోడ అవతల స్ట్రీట్‌లైట్ సరిగ్గా దాని నెత్తి మీద. చెట్టుకి వెలుగు పడని వైపు కొమ్మలు మాత్రం ఎర్రగా ఉండేవి, అది చూసి అర్థమయ్యింది. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, చేతికి దురద, మనవడు పాకే వయసు కాబట్టి జాగ్రత్త.

అల్వాల్_మిద్దెతోట:

అందరికీ చాలా థాంక్స్ అండి. మాస్టారూ (మేడమ్ అయితే క్షమించాలి), గంధరాజం కథ విన్నాక గుర్తొచ్చింది, రెండు గంధరాజాలు నా చేతిలోనే పోయాయి, అప్పుడు మా అత్తగారి దిష్టి అనుకున్నాను పాపం.

చినగోరంట అంటే మా పక్క కాలనీలో ఒకరింట్లో గేటు పక్కన ఉన్నదే అనుకుంటా, గులాబీ పూలు, కానీ వానాకాలంలో ఆకుల మీద పిండి చల్లినట్టు ఉంటుంది. అది జబ్బా? అలాంటిది తెచ్చి నా మల్లెలకి అంటించుకోనా? ఇంకోటి, మిద్దె మీద ఎంత కుండీ కావాలి, బోరు నీళ్లే పొయ్యొచ్చా?

బోడుప్పల్_మట్టిమనిషి:

అది బూడిద తెగులు అమ్మా. నీడల ఉన్నదానికి, గాలి ఆడనిదానికి వస్తది, ఆ గేటు పక్కన గోడ నీడ ఉండి ఉంటది. ఒక్కో మొక్క జాతికి ఒక్కో రకం బూడిద తెగులు ఉంటది, దీనిది పోయి మల్లెకు పట్టది, రంది పడకుండ్రి. మీ మిద్దె మీద గంత ఎండ ఉంటె అసలు రాకపోవచ్చు. వస్తె వెట్టబుల్ సల్ఫర్ (నీళ్లల కలిసే గంధకం పొడి) లీటరుకు 2 గ్రాములు కలిపి సాయంత్రం పూట కొట్టుండ్రి, ఎండల కొడితె ఆకు మాడుతది.

కుండీ 18 అంగుళాలకు తక్కువ ఒద్దు, పెద్ద డ్రమ్మును సగానికి కోసి పెడ్తె ఇంకా మంచిది, కింద తూట్లు మర్వకుండ్రి. ఎర్రమట్టి రెండు పాళ్లు, చీకిన పేడ ఎరువు ఒక పాలు, ఇసుక కొంచెం, వేపపిండి రెండు పిడికిళ్లు. బోరు నీళ్లకు తట్టుకుంటది ఇది, ఫోదర్‌గిల్లా అంత నాజూకు కాదు. అయినా ఏసీ పైపు నుంచి కారే నీళ్లు బకెట్ల పట్టి పోస్తె ఇంకా మంచిగుంటది, దాంట్ల ఉప్పు ఉండది. మందారానికి గూడ అదే పొయ్యుండ్రి. దాని పసుపు ఆకులకు ఐరన్ (ఇనుము మందు) కొనేటప్పుడు జర చూడుండ్రి, దుకాణంల ఈడీటీఏ ఐరన్ ఇస్తరు, సున్నం ఎక్కువున్న మట్టిల అది నిలువది, ఈడీడీహెచ్ఏ అని ఉన్నది అడుగుండ్రి, రేటు ఎక్కువ గానీ పనిచేస్తది.

అసలు ముచ్చట కత్తెర. కొత్త చిగురు మీదనే పూస్తది కాబట్టి ఫిబ్రవరిల ఆకు రాలినంక పెన్సిల్ కన్న సన్నగున్న పుల్లలన్ని తీసెయ్యాలె, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలు తియ్యాలె. లావు కొమ్మలు మాత్రం మొండెం చెయ్యకుండ్రి. మా దోస్త్ ఒకాయన ఏటేట ఒకే కాడ నరుకుతడు, అక్కడ పిడికిలంత బుడిపెలు లేసి ఆ బుడిపెల నుంచి చీపురు పుల్లల లెక్క చిగుర్లు, పూలగుత్తి బరువుకు అన్ని కిందికి వంగి వానకు విరుగుతయి. మొదటి పూత అయిపోంగనే వాడిన గుత్తులు కోసేస్తె రెండో పూత వస్తది.

రంగు కావాల్నంటె ఇంకొకటి. సెప్టెంబర్ దాటినంక ఎరువు బంద్. నవంబర్ నుంచి నీళ్లు తగ్గించుండ్రి, వారానికి రెండుసార్లు చాలు. మనోళ్లకు ప్రేమ ఎక్కువైతది, నీళ్లు ఎరువు పోస్తనే ఉంటరు, అది పచ్చగనే కూసుంటది.

నాచారం_కుండీలు:

నీళ్ల మాట వచ్చింది కాబట్టి, ఆర్వో నుంచి వచ్చే వేస్ట్ వాటర్ ఎవరూ పొయ్యకండి. నీళ్లు వృథా చెయ్యకూడదని గొప్పగా ఏడాదిన్నర పోశాను, మెషీన్ శుభ్రం చేసి మనకిచ్చిన నీళ్లలోంచి తీసిన ఉప్పంతా ఆ రెండో పైపులోనే కదా వచ్చేది, ఆ ఆలోచనే రాలేదు. కుండీ అంచు చుట్టూ తెల్లగా పేలాల పిండిలా పేరుకుంది, గోరుతో గీకితే పెళ్లలు ఊడాయి, అప్పటికి రెండు గులాబీలు, ఒక సంపెంగ పోయాయి. ఇప్పుడు ఆ నీళ్లు బండి కడగడానికి.

అల్వాల్_మిద్దెతోట:

ఎవరికైనా గుర్తుందో లేదో, జూన్‌లో ఫోదర్‌గిల్లా అడిగింది నేనే. ఇప్పుడు జనవరి, చెప్పి తీరాలి అనిపించి వచ్చాను.

జూలైలో పూలతో ఉన్న మొక్కే చూసి కొన్నాను, ముదురు గులాబీ, 350 రూపాయలు, సగం డ్రమ్ములో పెట్టాను. ఆగస్టులో ఒక విడత, మీరు చెప్పినట్టు గుత్తులు కోస్తే అక్టోబర్ మొదట్లో ఇంకో విడత పూసింది, అమ్మాయి దసరాకి వచ్చినప్పుడు పూలు ఉన్నాయి, "అమ్మా ఇది మా ఆఫీస్ పార్కింగ్ నిండా ఉంటుందే" అనేసింది, అంతే, ఆ ఫోదర్‌గిల్లాని అదే రోజు మర్చిపోయాను.

నవంబర్ నుంచి నీళ్లు తగ్గించాను. డిసెంబర్ వెళ్లిపోతోంది, ఏమీ లేదు, ఆకు పచ్చగా నవనవలాడుతోంది. ఇదేంటి చలి కూడా బానే ఉందిగా అని రోజూ పొద్దున వెళ్లి చూడటమే. మట్టి వేలుతో తాకితే ఎప్పుడూ తడే. క్రిస్మస్ రోజు తెలిసింది, మావారు సాయంత్రం వాకింగ్‌కని మిద్దెక్కి "పాపం ఎండిపోతోంది" అని ఒక చెంబు, రోజూ, నెలన్నర నుంచి. ఇంటి గుట్టు చెప్పుకుంటున్నాను. ఆ చెంబు దాచేశాను.

మూడు వారాలైంది. నిన్న సంక్రాంతి ముగ్గు అయ్యాక పైకెళ్తే, కింది కొమ్మల్లో ఒక పది పదిహేను ఆకులు తిరిగాయి. బొటనవేలంత ఆకు, ఈనె దగ్గర ఇంకా పచ్చగానే ఉంది, అంచు నుంచి లోపలికి నారింజ, కొసకి వచ్చేసరికి కుంకుమ. ఎండకి ఎదురుగా పట్టుకుంటే సన్న నరాలు కూడా కనిపిస్తున్నాయి. పై ఆకులు కొన్ని పసుపు, కొన్ని ఏ రంగూ లేకుండా గోధుమగా ముడుచుకుపోయాయి, మాస్టారు అన్నట్టు నాలుగు మార్కులే, చెంబు కలుపుకుంటే మూడున్నర. వీడియోకాల్‌లో అమ్మాయికి చూపిస్తే వాళ్ల మెట్ల పక్క పొద మంచులో పుల్లలుగా ఉంది, తను చూపించింది.

ఒక డౌట్ ఉంది. కొమ్మల చివర్న మిరియం గింజంత కాయలు గోధుమరంగులో ఎండి పగిలాయి, అవి ఇప్పుడే కోసెయ్యాలా, ఉంచాలా?

బోడుప్పల్_మట్టిమనిషి:

ఉండనియ్యుండ్రి అమ్మా, ఎట్లాగు ఫిబ్రవరిల కత్తెర పడ్తది కదా, గప్పటిదాంక పిట్టలు తింటయి. ఇప్పుడు కోస్తె లోపల మొగ్గలు కదిలి చిగురు తొందరగ రావొచ్చు. చెంబు మాత్రం ఏప్రిల్‌ల సారుకు మళ్ల ఇచ్చెయ్యుండ్రి, ఎండకాలం రోజు రెండుపూటలు పొయ్యాలె.